వెంట తెచ్చుకున్న పేరు

మా ఇంటికి ఎదురిల్లు చోర్దాష్ మెదార్ద్‌ది. యాభై ఏళ్లు బావులు తవ్విన మనిషి. మాది ఇసుక నేల. ఇక్కడ బావి తవ్వడమంటే సిమెంటు వర దించేలోపే గోడ జారి మీద పడొచ్చు. ఆయన మీద రెండుసార్లు పడింది కూడా. మెడదాకా ఇసుకలో కూరుకుపోయి, పైన కంగారుపడుతున్న వాళ్లతో "నేనెక్కడికీ పోను గానీ, నిదానంగా తవ్వండర్రా" అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషి ఈ ఏడు మే నెలలో మా గేటు దగ్గరకొచ్చి, టోపీ తీసి చేతుల్లో నలుపుతూ, "బోర్బాలా, భయంగా ఉందమ్మా" అన్నాడు.

"ఏమైందన్నయ్యా? గుండెలోనా?"

"గుండెకేం, రాయిలా ఉంది. కించోకి జూన్ ఏడున అన్నారంట డాక్టర్లు."

కించో ఆయన కూతురు పిరోష్కా కూతురు. తొలి కాన్పు. లోపలున్నది మగపిల్లాడని తెలిసిపోయింది కూడా. డాక్టర్లు ఏడు అంటే ఎనిమిది అయినా కావచ్చు కదా. నాకు విషయం బోధపడింది. నవ్వొచ్చింది కానీ ఆయన మొహం చూసి మింగేశాను.

మా వంటిళ్లలో గోడకి వేలాడే క్యాలెండర్లో ప్రతి తేదీ కిందా ఒక పేరుంటుంది. మన పేరు వచ్చిన రోజు మన పేరు పండుగ. జూన్ ఎనిమిది కింద ఉన్న పేరు మెదార్ద్. ఆ రోజు వాన పడిందంటే నలభై రోజులు వదలదని మావాళ్ల నమ్మకం. జూన్ అంటే గడ్డి కోతల కాలం. కోసి పరిచిన గడ్డి నలభై రోజులు నానితే, చలికాలం పశువుల ముందు ఏం వేస్తారు? అందుకని చుట్టుపక్కల ఏడు ఊళ్లలో ఎవరూ పిల్లలకి ఆ పేరు పెట్టరు. నాకు ఆరా ఎక్కువ. ఒకసారి మా చర్చిలో జ్ఞానస్నానాల పుస్తకాలన్నీ తిరగేయించాను. మూడు వందల ఏళ్లలో మెదార్దులు ఇద్దరే ఇద్దరు. మొదటివాడు పుట్టి తొమ్మిది రోజులే బతికాడు. రెండోవాడు మా ఎదురింటాయన.

ఆయనకి మాత్రం ఆ పేరెందుకు పెట్టారూ అంటే, పుట్టింది ఆ రోజే. పందొమ్మిది వందల నలభై మూడు, జూన్ ఎనిమిది. తండ్రి అంతకు ముందు ఆకులు రాలే కాలంలో యుద్ధానికి వెళ్లాడు. జనవరి తర్వాత ఉత్తరం లేదు. పిల్లాడికి తండ్రి పేరు, యానోష్ అని పెట్టుకుంటానని తల్లి ఏడ్చింది. అత్తగారు ఒప్పుకోలేదు.

"పేరు చేతిలో పట్టుకుని వచ్చాడు వాడు. లాక్కుంటావా? ఉన్న అదృష్టం కూడా లాక్కున్నట్టే" అంది.

మాలో పాత కట్టడి అది. బిడ్డ ఏ రోజున పుడితే ఆ రోజు పేరు తనతో తెచ్చుకున్నట్టు. అది నచ్చకపోతే తర్వాతి రోజుల్లో రాబోయే పేరు ఏదైనా అందుకోవచ్చు. దాటిపోయిన పేరు కోసం మాత్రం వెనక్కి వెళ్లకూడదు. వెనక్కి వెళ్లి తెచ్చిన పేరుతో పిల్ల ఎదగదు అనేవాళ్లు. తల్లి కోరుకున్న పేరు రోజు అప్పటికింకా రాలేదు, అది పెట్టుకోవచ్చు కూడా. కానీ కొడుకు ఆచూకీ లేక కుమిలిపోతున్న ఆ ముసలావిడ, ఉన్న ఒక్క అదృష్టాన్ని ఎక్కడ పోగొట్టుకుంటామోనని హడలిపోయింది. మెదార్ద్ అనే పెట్టారు.

ఆ రోజు వాన పడింది. నలభై రోజులూ పడిందంటారు, నిజమో కాదో ఆ తడిసినవాళ్లకే తెలియాలి. గడ్డంతా కుళ్లిపోయింది. మా అమ్మ చెప్పేది, పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ఉయ్యాల్లోకి తొంగి చూసి, "నీ పుణ్యమేనా నాయనా ఇదంతా?" అని బుగ్గ గిల్లి పోయేవాళ్లట. పుట్టి వారం కాకుండానే ఊరి గడ్డి లెక్కంతా వాడి మెడకి చుట్టేశారు.

బళ్లో నేను ఆయనకంటే నాలుగేళ్లు చిన్న. వాన పడితే చాలు, అందరూ కిటికీ వంక కాదు, ఆయన వంక చూసేవాళ్లం. "మెదార్దూ, కుళాయి కట్టెయ్ రా!" అని అరిచేవాళ్లం. అవును, నేనూ అరిచాను. ఆయన బల్ల కింద చేతులు పెట్టుకుని, ఎక్కడో నిజంగానే కుళాయి ఉందేమో వెతుకుతున్నట్టు కూర్చునేవాడు.

పద్నాలుగో ఏట ముసలి మాతే అనే బావుల మేస్త్రీ ఆయన్ని పనిలో పెట్టుకున్నాడు. "నీకు నీళ్లతో చుట్టరికం అంట కదా, పైన ఉన్నదాన్ని ఎలాగూ ఆపలేవు, కింద ఉన్నదాన్ని పైకి తేవడం నేర్చుకో" అన్నాడట. మెదార్ద్‌కి ఆ పని ఒంటికి పట్టింది. ఎందుకని అడిగాను ఒకసారి.

"పది మీటర్లు దిగాక పైనున్నవాళ్లు ఏమన్నా మాటలు తెలీవు, ఉత్త చప్పుడే. నా పేరు వినపడదు. హాయిగా ఉంటుంది" అన్నాడు.

పేరంటే చేదని అనుకోకండి. ఏటా జూన్ ఎనిమిదిన ఆయన ఇంట్లో బల్ల పరిచేవారు. ఆయనకి పుట్టినరోజూ పేరు పండుగా ఒకటే. పేరు పండక్కి మాలో ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్లు సీసా పట్టుకుని వస్తారు, అంతే. ఆయన భార్య రొజాలియా వదిన ముందు రోజే పందికొవ్వు వేసి పొగాచలు, అదే, ఉప్పు రొట్టెలు, పెద్ద పెద్ద పళ్లేల నిండా కాల్చేది. ఆకాశం పొడిగా ఉంటే వాకిలి నిండిపోయేది. పాటలూ, ద్రాక్షసారా, అన్నయ్య భుజాల మీద చరుపులు. చినుకు పడిందా, పిట్ట కూడా వచ్చేది కాదు. నేను కిటికీ తెర పక్కకి తీసి చూస్తే, చెట్టు కింద పొడవాటి బల్ల, దాని మీద తడుస్తున్న గుడ్డ, రొట్టెల మీద మూతలు, ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ గొడుగులేసుకుని మొగుడూ పెళ్లాం. అప్పుడు నేను వెళ్లేదాన్ని. వాన రోజు వెళ్లినవాళ్లలో నేనొక్కదాన్నేనని గొప్పగా చెప్పుకుంటాను గానీ, సగం ఆరా తీయడానికే వెళ్లేదాన్ని.

మే నెల నుంచే పెద్ద వానలు పడిన ఒక ఏడు ఇంకా ఘోరం జరిగింది. మా వీధి చివర లకతోష్ వెండెల్‌కి అప్పుడు నాలుగు ఆవులు. అన్నయ్యకీ అతనికీ బళ్లో నుంచి స్నేహం. పెళ్లికి తోడు నిలబడ్డవాడు. ఆ ఏడు పరిచిన గడ్డంతా నల్లగా మాగిపోతే, మతిపోయినట్టు అయిపోయాడు. పేరు పండుగ నాడు వానలోనే వచ్చి, పంగలకర్రతో తడిగడ్డి ఎత్తి అన్నయ్య గేటు మీంచి బల్ల మీదకి విసిరాడు. రొట్టెలన్నీ గడ్డి కింద పడ్డాయి.

"తిను! నీ పేరు పండుగేగా, తిను!" అని అరిచాడు.

అన్నయ్య లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. రొజాలియా వదిన మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా ఆ గడ్డంతా ఏరింది. చూరు కింద పరిచింది. పొద్దుటా సాయంత్రం తిరగేస్తూ ఆరబెట్టింది. తొమ్మిది రోజుల తర్వాత మోపు కట్టి తీసుకెళ్లి వెండెల్ గేటుకి ఆనించి వచ్చేసింది. ఆ మోపు కన్నా బరువైన మాట ఏదీ ఉండదు కదా. వెండెల్ సిగ్గుతో చచ్చాడు. సిగ్గు ముదిరితే మొగాళ్లకి అది పంతం అవుతుంది. ఆ రోజు నుంచి అన్నయ్య ఎదురుపడితే టోపీ ముట్టుకుని పోవడమే గానీ, ఆ పేరు అతని నోట రాలేదు. ఇప్పటికి నలభై ఏళ్లు దాటింది.

వదిన పోయి ఆరేళ్లు. బల్ల పరచడం ఆగిపోయింది.

ఈలోగా వానలూ ఆగిపోయాయి. మూడేళ్లుగా మా నేల మీద సరైన వాన లేదు. పచ్చిక బయళ్లు చెప్పు కింద కరకరమంటున్నాయి. బావుల్లో నీళ్లు మీటరు మీటరుగా దిగిపోతున్నాయి. ఇప్పుడు అదే జనం, అదే అన్నయ్య, మాట మాత్రం మారింది. రొట్టెల కొట్లో ఆయన్ని చూస్తే చాలు, "మెదార్ద్ బాబాయ్, కుళాయి కొంచెం తిప్పు!" అని నవ్వులు. కించో సంగతి తెలిశాక ఇంకా రెచ్చిపోయారు.

"ఎనిమిదిన పుడితే మాత్రం కొత్త మెదార్ద్! వాన ఖాయం!" అంది కొట్టు నడిపే ఆవిడ.

అన్నయ్య రొట్టె సంచీలో పెట్టుకుంటూ, "వాడింకా కడుపులోనే ఉన్నాడు. అప్పుడే నలభై రోజుల పని అప్పజెప్పేశారు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఒకరిద్దరు నవ్వారు.

ఆయన భయం అదే. పిరోష్కాకి ఆయన నానమ్మ పోలికే వచ్చింది. పట్టు పడితే వదలదు. "ఎనిమిదిన వస్తే మెదార్దే నాన్నా. వాడు తెచ్చుకున్నది నేను తీసేసుకోను. ఇంకో రోజు వస్తే కించోదీ అల్లుడిదీ ఇష్టం" అని తేల్చి చెప్పేసింది. కించోకి ఇదంతా వింత ఆట. "అమ్మ చట్టం మాకు ఓకే తాతయ్యా, మేము ఎలాగూ పేరు తేల్చుకోలేకపోతున్నాం" అంటుంది.

ఆయన్ని అలా చూస్తూ ఊరుకోలేక నేను కొత్తగా వచ్చిన ఫాదర్ దగ్గరకి వెళ్లాను. మెదార్ద్ అంటే అసలు ఎవరు, ఏమిటి అని అడిగాను. ఆయన లావుపాటి పుస్తకం తీశాడు. పాత జర్మను మాటట, బలం కలవాడని అర్థం. ఫ్రెంచి దేశంలో పూర్వం బిషప్పుగా ఉండి పునీతుడైనాయన. చిన్నపిల్లాడిగా ఉండగా బయట ఒక్కసారిగా వాన ముంచుకొస్తే, ఒక గద్ద వచ్చి తల పైన రెక్కలు చాపి నిలబడిందట. చుట్టూ అందరూ తడిసిపోయినా ఆ పిల్లాడు తడవలేదట.

నేను పరుగులాంటి నడకతో వచ్చి చెప్పాను. "చూశావా అన్నయ్యా! వాన కురిపించినవాడు కాదు, వానలో తడవనివాడు! ఇన్నేళ్లూ తలకిందులుగా పట్టుకున్నాం."

"తడిసింది గద్ద అన్నమాట" అన్నాడు ఆయన. చూరు వైపు చూశాడు. ఒకప్పుడు వదిన గడ్డి ఆరబెట్టిన చోటు అది.

జూన్ ఏడు గడిచింది. కబురు లేదు. ఎనిమిదో తేదీ పొద్దున్నే ఆకాశం తుడిచిన పళ్లెంలా ఉంది, మబ్బు తునక లేదు. పదిన్నరకి పిరోష్కా ఫోను చేసింది. నొప్పులు మొదలయ్యాయట, పట్నం ఆసుపత్రికి వెళ్తున్నారట. అన్నయ్య వాకిట్లో బెంచీ మీద కూర్చుని గడియారం ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకా పదమూడు గంటలుంది. ఎలా గడుస్తుందో" అన్నాడు.

నేను ఇంటికెళ్లి రొట్టెలకి పొయ్యి వెలిగించాను. పిలవకుండానే వస్తారని నాకు తెలుసు. రాకుండా ఎలా ఉంటారు, ఊరంతా ఎండిపోయి ఉంటే! మధ్యాహ్నానికి అన్నయ్య వాకిట్లో బల్ల చెట్టు కిందకి లాగించాను. మూడింటికల్లా సీసాలతో మొదలైంది. ముప్పై మంది దాకా వచ్చారు. "దేవుడు ఆయుష్షు ఇవ్వాలి మెదార్ద్ బాబాయ్!" అంటారు, ఆకాశం వంక చూస్తారు. రొట్టె కొరుకుతారు, ఫోను వంక చూస్తారు. "ఏమైనా తెలిసిందా?" అని అడిగితే ఆసుపత్రి గురించి అడుగుతున్నారో మబ్బుల గురించి అడుగుతున్నారో తెలిసేది కాదు.

అన్నయ్య అందరికీ సారా పోశాడు. ఒకసారి మాత్రం ఆగి అన్నాడు: "వాన పడిన ఏళ్లలో ఈ బల్ల మీద రొట్టెలు మేమిద్దరమే తినలేక కోళ్లకి వేసేవాళ్లం. ఈ రోజు మీ అందరికీ సరిపోతాయో లేదో." కోపంగా అనలేదు. రొట్టెల సంగతి చెప్పినట్టే చెప్పాడు. కొట్టు ఆవిడ తల వంచుకుని తుడవక్కర్లేని బల్ల తుడిచింది.

ఎండ వాలుతుండగా జనం పలచబడ్డారు. అప్పుడు వచ్చాడు వెండెల్. ఎనభై నాలుగేళ్లు, చేతికర్ర, ఆదివారం వేసుకునే నల్లకోటు. గేటు దగ్గర నిలబడిపోయాడు. అది తెరిచే ఉంది.

"లోపలికి రా వెండెల్ బావా, గేటుకి దిష్టిబొమ్మలా ఏంటి!" అన్నాను.

"నీ నోరు ఇంకా తుప్పు పట్టలేదా బోర్బాలా" అంటూ వచ్చాడు. బల్ల ముందు నిలబడ్డాడు. మేం ముగ్గురమే మిగిలాం.

"వాన కోసమైతే కాదు" అన్నాడు. "ఆవులు పోయి ఇరవై ఏళ్లయింది. గడ్డి నాకెందుకు? బావి కూడా ఎండిపోయింది, కుళాయి నీళ్లు తాగుతున్నా." కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఆ మోపు పొడిగా ఉందిరా. రొజాలియా తెచ్చిన మోపు. నొక్కి చూశాను. ఆ చలికాలం నా ఆవులకి పొడిగా ఉన్న మోపు అదొక్కటే." ఆ తర్వాత, బరువైన వస్తువు కింద పెడుతున్నట్టు, "దేవుడు నీకు ఆయుష్షు ఇవ్వాలి, మెదార్ద్" అన్నాడు.

అన్నయ్య గ్లాసు పోశాడు. ఇద్దరూ తాగారు. వెండెల్ ఒక రొట్టె తిన్నాడు, ఇంకోటి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

నేను పళ్లేలు తీస్తున్నాను. అన్నయ్య గడియారం తీసి చూశాడు.

"ఇంక నాలుగు గంటలే ఉంది" అన్నాడు.

నేను పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. పొద్దున ఆయన మాట నాకు గుర్తుంది. ఇది ఆ మాట కాదు. ఫోను తీసి వెలుగుతోందా లేదా అని చూశాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. అడగాలని నాలుక దురద పెట్టింది. నా జన్మలో మొదటిసారి ఏమీ అడగకుండా పళ్లేలు కడిగి ఇంటికి వెళ్లాను.

కబురు తెల్లారాక వచ్చింది. నేను పాలు తీసుకుని ఆయన వంటింట్లోనే ఉన్నాను. ఆయన ఫోను మీట నొక్కి బల్ల మీద పెట్టాడు, నాకూ వినపడేలా.

"నాన్నా! పొద్దున అయిదింటికి! మూడు కిలోల ఆరు వందలు, కించో బాగుంది!" పిరోష్కా ఏడుస్తూ నవ్వుతోంది. "తొమ్మిదో తేదీ నాన్నా. నువ్వు కోరుకున్నట్టే అయింది."

"అవును" అన్నాడు అన్నయ్య. "దేవుడికి వందనాలు." మొహం మాత్రం వాన రోజు బల్ల ముందు కూర్చున్నప్పటి మొహం.

కూతురు కదా, ఆ ఒక్క 'అవును'లోనే పట్టేసింది. గొంతు తగ్గించి, "అయిదు గంటలే కదా నాన్నా తేడా. కించో కూడా అంటోంది. కావాలంటే మెదార్ద్ అని..." అంది. పాత కట్టడిలో ఒక్క అక్షరం వదలని మనిషి ఆ మాట అంది!

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆయనకి ఎంత కావాలనిపించిందో నేను చూశాను. ఆ పేరు ఆయనతోనే ఆగిపోతుంది. ఇంకో మూడు వందల ఏళ్లకి ఎవరైనా ఆరా తీసే ఆడది వచ్చి పుస్తకం తిరగేస్తే తప్ప దొరకదు.

"వద్దమ్మా" అన్నాడు. "వెనక్కి నడిపించకండి వాణ్ణి. ఈ రోజు ఎవరిది?"

నేను గోడ దగ్గరకి వెళ్లి చూశాను. "ఫేలిక్స్" అన్నాను. "సంతోషంగా ఉండేవాడని అర్థం. నాకు తెలుసు, అడిగి తెలుసుకున్నాను." అన్ని రోజుల పేర్లూ ముందే అడిగి పెట్టుకున్నానని మాత్రం చెప్పలేదు.

"అదిగో, మంచిదే తెచ్చుకున్నాడు. దాని మీద ఎవరూ గడ్డి వెయ్యరు" అన్నాడు. "కించోకి చెప్పు, తాతకి నచ్చిందని."

ఫోను పెట్టేశాక కాసేపు క్యాలెండర్ వంకే చూస్తూ నిలబడ్డాడు. తొమ్మిది వంక కాదు, దాని ముందు గడి వంక. నేను పాలు కాచి ఇచ్చాను. సగం తాగి, అలమర పైనుంచి గుడ్డలో చుట్టిన అద్దం తీశాడు. బావిలోకి ఎండ దింపి అడుగు చూడ్డానికి వాడే అద్దం. వదిన పోయాక దాన్ని ముట్టుకోగా చూడలేదు.

"ఎక్కడికన్నయ్యా?"

"వెండెల్ బావి ఎండిపోయిందన్నాడుగా. చూసొస్తా."

"ఎనభై ఒకటి దాటాయి! దిగుతావా ఏంటి?"

"దిగేవాళ్లు వేరే ఉంటారు. ఎక్కడ దిగాలో చెప్పడానికి నేను."

నేను వెంట వెళ్లకుండా ఉంటానా! వెండెల్ వాకిట్లో బావి మీద బల్లచెక్క తీశారు. అన్నయ్య అంచుకి ఆనుకుని, అద్దం అటూ ఇటూ తిప్పి ఎండని పట్టాడు. తెల్లటి వెలుగు ముక్క వర మీంచి వర మీదకి జారుతూ కిందకి దిగింది. ఆకాశం నిన్నటిలాగే ఖాళీ.

వెండెల్‌కి ఈ మధ్య కొంచెం చెవుడు, ఊరంతా వినపడేలా అరిచాడు. "మెదార్ద్! ఏం కనపడుతోంది? మెదార్ద్!"

బావి ఆ పేరుని కింద నుంచి మళ్లీ పైకి పంపింది. అన్నయ్య తల ఎత్తలేదు. వెలుగుని అడుగున ఒకచోట నిలిపి, చెయ్యి కదలకుండా పట్టుకున్నాడు.

"అరవకురా, వినపడుతోంది" అన్నాడు. "అడుగున తడి ఉంది."